రెండో మానిటర్

ఫ్యాక్టరీ గాజు గది,
సోమవారం, భోజనం వేళ

అల్లుడికి,

క్షేమం అని మొదలుపెట్టడం బడిలో నేర్పారు. ఈసారి రాయబుద్ధి కాలేదు. వదిలేశాను.

నా చేతిలోంచి నూనె డబ్బా తీసేసుకున్నారు. మోకాళ్ళు పోయాయి కదా, ప్రెస్సు కిందకి వంగలేకపోతున్నానని సూపర్వైజరు చూశాడు. గాజు గదిలో కూర్చోమన్నాడు. నీ కుర్చీలోనే. స్క్రీన్ మీద ఎర్రగా ఏదైనా వస్తే పిలవాలి. అదే పని. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఎర్రగా ఏమీ రాదు. తలుపుకి కార్డు చూపిస్తేనే తెరుచుకుంటుంది. నాకు కార్డు ఇవ్వలేదు. బయటికి పోవాలంటే లోపల్నుంచి తలుపు కొడతాను. ఎవరో ఒకరికి జాలేస్తే తీస్తారు.

నీ స్థానంలో కొత్తమ్మాయి వచ్చింది. మంచి పిల్ల. తాతగారూ అంటుంది. కోర్టు నుంచి నీ కంప్యూటర్ తిరిగి వచ్చింది, గోనెసంచీలో కట్టి. అందులో నీ పేరుతో తెరుచుకునేది అలాగే ఉంచి, తన పేరుతో వేరేది పెట్టుకుంది.

ఆ అమ్మాయి ప్రోగ్రాం రాసేటప్పుడు విండోలను పట్టుకుని లాగుతుంది. నీలం నీడ ఒకటి పడుతుంది. వదిలితే అక్కడ అతుక్కుంటుంది. అదెలా? తనని అడగడానికి మొహమాటం. నీకు తీరిక ఉంది కదా, రాయి.

అట్టలు పేర్చే ఆయన మొన్న గేటు దగ్గర ఎదురయ్యాడు. కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. రెండోసారి కోసి వేసిన కట్టు కూడా విప్పేశారు. "కళ్ళెదురుగా పసుపు గీత పెట్టుకుని ప్రెస్సు ఎలా ఆన్ చేశాడు మీ అల్లుడు?" అన్నాడు. తల వంచుకుని వచ్చేశాను.

మీ అమ్మ బాగానే ఉంది, నా చెల్లెలు కదా, పైకి తేలదు. మా ఇద్దరికీ అని వండుతుంది, మూడు కంచాలు తీస్తుంది, ఒకటి మళ్ళీ పెట్టేస్తుంది. అప్పీలు ఇంకో మూడు నెలలకి వస్తుందన్నాడు వకీలు.

మామయ్య


నాలుగో గది, లోపలి నుంచి,
శుక్రవారం

మామయ్యకు,

ముందుగా, మా ఉత్తరాలు చదివే అయ్యగారికి నమస్కారం. మామయ్యా, ఇక్కడ ప్రతి ఉత్తరం ఆయన చదివి, ముద్ర వేసి, తేదీ రాశాకే నా చేతికొస్తుంది. ఇటునుంచి వెళ్ళేదీ అంతే. కాబట్టి నన్ను తిట్టాలనిపిస్తే కొంచెం మర్యాదగా తిట్టు.

నువ్వు విండోల గురించి అడగడం చూసి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగింది. ఏడాది కావస్తోంది, నన్ను ఎవరూ నా పని గురించి అడగలేదు. అడిగినవాళ్ళంతా నేరం గురించే అడిగారు.

విను. ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్ ఒక పని బల్ల అనుకో. మధ్యలో కోడ్. ఎడమ పక్క ప్రోగ్రాం ముక్కల జాబితా. కుడి పక్క విలువలు, అంటే ప్రెస్సు ఎంత వేడిగా ఉంది, ఎంత బరువుతో నొక్కుతోంది. కింద హెచ్చరికలు. ఒక్కోటీ ఒక్కో విండో. తల దగ్గర పట్టుకుని లాగితే ఊడి వస్తుంది. అంచు దగ్గరికి తీసుకెళ్తే నీలం నీడ కనిపిస్తుంది. అది "ఇక్కడ కూర్చోబెట్టనా" అని అడగడం. వదిలితే అతుక్కుంటుంది. దాన్ని మేం డాక్ చేయడం అంటాం. ఒకసారి సర్దుకుంటే రేపు తెరిచినా, ఏడాదికి తెరిచినా అలాగే ఉంటుంది. వెనకాల బొమ్మ గీశాను. పెన్సిల్ నా వేలంత కూడా లేదు, వంకరలకి ఏమనుకోకు.

నా పద్ధతి ఒకటుంది. హెచ్చరికలు ఉంటేనే కింది విండో పైకి లేస్తుంది. ఏమీ లేకపోతే లోపలికి పోతుంది, కింద ఖాళీ. అమ్మ నన్ను సర్దుడయ్య అనేది కదా, అక్కర్లేనిది కళ్ళముందు ఉంటే నాకు పని సాగదు. కింద ఖాళీ అంటే అంతా బాగుందని. నా బుర్ర అలా అలవాటు పడింది.

అదే నా కొంప ముంచింది. ఆ పొద్దున మరమ్మతు మనిషి ప్రెస్సు జాలీ తలుపు తీసి పని చెయ్యాలన్నాడు. తలుపు తెరిచుంటే ప్రెస్సు కదలకూడదు, ఆ తనిఖీని నేనే ఆపాను. కింద పసుపు గీత వచ్చింది, "తలుపు తనిఖీ ఆపి ఉంది" అని. చూశాను. పని అయ్యాక ప్రెస్సు దగ్గరున్న తాళం తిప్పితే తనిఖీ మళ్ళీ మొదలవుతుంది, గీత పోతుంది. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కూర్చున్నాను. కింద ఖాళీ. తాళం తిప్పే వెళ్ళాడనుకున్నాను. ఆన్ చేశాను. ఆయన తిప్పలేదు. తలుపు తెరిచే ఉంది. అట్టలు పేర్చే ఆయన చెయ్యి లోపల ఉంది.

హెచ్చరిక ఆ సమయానికి తెరిచే ఉందని కంప్యూటర్ రికార్డులో ఉందన్నారు కోర్టులో. నేను చూడలేదన్నాను. మామయ్యా, ఇప్పుడు ఆలోచిస్తుంటే చూశానేమో అనిపిస్తోంది. పొద్దున చూసిన గీత, మధ్యాహ్నం చూడని ఖాళీ, రెండూ కలిసిపోయాయి. కళ్ళు మూస్తే ఒకసారి గీత ఉంటుంది, ఒకసారి ఉండదు.

మా గదిలో ఐదుగురం. చాపలు అంచుకి అంచు ఆనించి వేస్తాం. నాది మధ్యలో. ఎడమ పక్క తాళాలు చేసే ఆయన, గురక పెడితే గోడ సున్నం రాలుతుంది. ఇక్కడ ఏదీ లాగి ఇంకోచోట పెట్టడానికి లేదు.

అమ్మకి చెప్పు, చిక్కిపోలేదని.

నీ అల్లుడు


గాజు గది,
బుధవారం

అల్లుడికి,

బొమ్మ అందింది. బల్ల సొరుగులో పెట్టుకున్నాను. బాగా అర్థమైంది.

ఒక్క సంగతి. పక్కపక్కన రెండు మానిటర్లు ఉన్నాయనుకో. ఒక విండో ఊడి రెండో మానిటర్ మీదకి పోయింది. ఆ తర్వాత ఎవరో వచ్చి ఆ మానిటర్ పీకి పట్టుకుపోయారు. అప్పుడు ఆ విండో ఎక్కడికి పోతుంది?

ఊరికే అడిగాను.

ఇక్కడ గదిలో ఏసీ ఎక్కువ. మీ అమ్మ నా శాలువా పంపింది. ప్రెస్సు చప్పుడు గాజులోంచి సగమే వినిపిస్తుంది. చెవులకి అదే మేలన్నాడు డాక్టరు. మిగిలిన చెవుడు ముప్పై ఏళ్ళ కిందటే వచ్చింది, దానికి మందు లేదన్నాడు.

మామయ్య


నాలుగో గది,
ఆదివారం

మామయ్యకు,

మంచి ప్రశ్న. కొత్తగా చేరిన ఇంజనీర్లు కూడా ఇది అడగరు.

కొన్ని సాఫ్ట్‌వేర్లు తెలివైనవి, మానిటర్ పోగానే విండోను వెనక్కి లాక్కొస్తాయి. మనది పాతది. అది ఆ విండో ఇంకా అక్కడే ఉందనుకుంటుంది. లేని మానిటర్ మీద తెరిచే ఉంచుతుంది. మూసేసినట్టు కాదు, దాచినట్టూ కాదు. లెక్కకి తెరిచి ఉంటుంది, కంటికి కనబడదు. వెనక్కి తేవాలంటే అమరికను మొదటికి మార్చాలి, లేదంటే

(ఇక్కడ ఆపి, మర్నాడు రాస్తున్నాను. తాళాలాయన అన్నం తినమని రెండుసార్లు పిలిచాడట. వినిపించలేదు.)

మామయ్యా, ఆ రోజు నా బల్ల మీద పొద్దున రెండు మానిటర్లు ఉన్నాయి. మధ్యాహ్నం ఒక్కటే ఉంది. తూకాల గదిలో మానిటర్ కాలిపోయిందని నాది తీసుకెళ్ళారు. ఈ సంగతి నేను కోర్టులో చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు. అడిగినా దానికీ దీనికీ సంబంధం ఉందని నాకు తట్టేది కాదు.

కానీ విండో దానంతట అది పోదు. పట్టుకుని లాగాలి. నేను లాగలేదు. నేను లాగలేదనే అనుకుంటున్నాను. ఇక్కడ ఇన్నాళ్ళు ఉన్నాక, నేను చెయ్యలేదు అనే మాట నా నోట్లో నిలబడటం లేదు.

ఆ మధ్యాహ్నం గదిలోకి ఎవరెవరు వచ్చారు? నువ్వు నాతోనే అన్నం తిన్నావు కదా. గుర్తు తెచ్చుకుని రాయి. త్వరగా రాయి.

నీ ప్రశ్న ఊరికే అడిగినదేనా?

నీ అల్లుడు


నాలుగో గది,
గురువారం

మామయ్యకు,

నెల దాటింది. ఉత్తరం లేదు, నువ్వూ రాలేదు. అమ్మ ఒక్కతే వచ్చింది. జాలీకి అటుపక్క నిలబడి, మామయ్యకి మోకాళ్ళని చెప్పింది. మోకాళ్ళు నీకు పదేళ్ళుగా ఉన్నాయి.

వకీలు వచ్చాడు. మానిటర్ సంగతి చెప్పాను. "ఎవరు లాగారో చెప్పగలవా?" అన్నాడు. చెప్పలేనన్నాను. "అయితే అది కథ" అన్నాడు. ఆయన సలహా వేరే. హెచ్చరిక చూశాను, నిర్లక్ష్యం చేశాను, క్షమించండి అని రాసిస్తే మూడు నెలలు తగ్గుతుందట. కాయితం ఇచ్చి వెళ్ళాడు. వచ్చే నెల మొదటి సోమవారం తీసుకెళ్తాడు.

సంతకం పెట్టేద్దామనుకుంటున్నాను. మూడు నెలల కోసం కాదు. చూశాను అని ఒకసారి రాసేస్తే ఈ ఆలోచన ఆగుతుంది. కుడితిలో పడ్డ ఎలుక ఎటు ఈదినా కుడితే. ఈదడం మానేస్తే అలుపైనా తీరుతుంది.

నీ ఆరోగ్యం రాయి. ఇంకేమీ రాయకపోయినా ఫర్వాలేదు.

నీ అల్లుడు


ఇంటి నుంచి, వంటింటి గట్టు మీద,
శనివారం

అల్లుడికి,

సంతకం పెట్టకు.

ఈ ఉత్తరం నీకంటే ముందు లోపలి అయ్యగారు చదువుతారు. అది తెలిసే రాస్తున్నాను. అయ్యా, మీరు ముద్ర వేసి తేదీ సరిగ్గా రాయండి.

ఆ రోజు మనం అన్నం తిన్నాక నువ్వు డబ్బాలు కడగడానికి వెళ్ళావు. నేను గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. నీ బల్ల మీద టీ గ్లాసు మరకలు, గుండ్రంగా. నా భుజం మీద గుడ్డ ఉంది. ముప్పై ఏళ్ళు నూనె తుడిచినవాణ్ణి, మరక చూస్తే చెయ్యి ఊరుకోదు. తుడిచాను. మౌసు కింద కూడా తుడుద్దామని దాన్ని పట్టుకుని పక్కకి జరిపాను. వేలు దేని మీద పడిందో, కింద పసుపు గీత ఉన్న పెట్టె ఊడి వచ్చింది. భయమేసింది. చెయ్యి ఇంకా పక్కకి పోయింది. పెట్టె రెండో మానిటర్ మీదకి పోయి అక్కడ ఆగింది. వేలు తీసేశాను. వెనక్కి తేవడం తెలీదు.

నువ్వు రాగానే చెబుదామనుకున్నాను. నువ్వు సూపర్వైజరుతో నవ్వుకుంటూ వచ్చావు. ఆయన నన్ను చూసి, "ఏం తాతా, ప్రోగ్రాం రాసేస్తున్నావా? అల్లుడి ఉద్యోగానికి ఎసరు పెడతావా?" అన్నాడు. నువ్వూ నవ్వావు. నేను "బల్ల తుడుస్తున్నా" అన్నాను. అంతే అన్నాను. మీ ఇద్దరూ సంతకాల కోసం ఆఫీసు గదిలోకి వెళ్ళారు. నేను బయటికి వచ్చేశాను.

మెట్ల దగ్గర ఇద్దరు మనుషులు ఎదురొచ్చారు, నీ గదిలోకి. కాసేపటికి మానిటర్ ఎత్తుకుని దిగారు. నాకు తేలికైంది అల్లుడూ. నిజం రాస్తున్నాను. నేను చేసిన తప్పు ఆ మానిటర్‌తోపాటు పోయిందనుకున్నాను. పీడ వదిలిందనుకున్నాను.

ఆ తర్వాత ప్రెస్సు చప్పుడు. నాకు చెవుడైనా ఆ చప్పుడు తెలుసు. అది వేరేగా వచ్చింది.

కోర్టులో నువ్వు "చూడలేదు" అన్నప్పుడు నేను వెనక బల్ల మీద ఉన్నాను. లేచి నిలబడాలనుకున్నాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నా పెట్టెకీ ఆ గీతకీ సంబంధం ఉందో లేదో తెలీదని నాకు నేనే చెప్పుకున్నాను. అది తెలుసుకుందామనే నిన్ను అడిగాను. నువ్వు చెప్పావు. ఆ తర్వాత నెల రోజులు పెన్ను పట్టలేకపోయాను.

నువ్వు చూడలేదు. చూడటానికి అది అక్కడ లేదు.

మామయ్య


నాలుగో గది,
మంగళవారం

మామయ్యకు,

నీ ఉత్తరం వచ్చింది. దారిలో వానకి తడిసినట్టుంది, సిరా అంతా అలుక్కుపోయింది. ఒక్క ముక్క చదవలేకపోయాను. ఏదో ఇంటి సంగతులై ఉంటాయి. మళ్ళీ రాయనక్కర్లేదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

నీకు డెబ్భై దగ్గరికొచ్చాయి. మోకాళ్ళు జాగ్రత్త. ఇక్కడ నేల మీద పడుకోవాలి, కింద కూర్చుని తినాలి. ఇది నీకు ఎందుకు రాస్తున్నానంటే, ఊరికే.

వకీలు ఇచ్చిన కాయితం మడిచి తాళాలాయనకి ఇచ్చాను. గురక రాకుండా తలకింద పెట్టుకుంటానన్నాడు. పనిచెయ్యలేదు.

నిన్న పొద్దెక్కేదాకా నిద్రపోయానట. పొద్దుటి తలల లెక్కకి లేపాల్సి వచ్చింది. ఏడాదిలో ఇదే మొదటిసారి. ఎందుకో తెలీదు. వాతావరణం మారినట్టుంది.

అమ్మ మీద విసుక్కోకు.

నీ అల్లుడు


గాజు గది,
సోమవారం

అల్లుడికి,

ఆ వారం ఎక్కడా చుక్క వాన లేదు. నీ ఉత్తరం మీ అమ్మకి చూపించాను. చదివి, "అబద్ధం చెప్పడం వీడికి చిన్నప్పుడూ రాలేదు" అంది. ఆరు రోజుల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అదే. నేను చెప్పింది విన్న రోజునుంచీ కంచం పెట్టేది, మొహం చూసేది కాదు. ఇప్పుడూ పెద్దగా చూడటం లేదు. అంతకంటే అడగను.

నీ జవాబు వచ్చేసరికే చెప్పాల్సినవాళ్ళకి చెప్పేశాను. వరసగా రాస్తాను.

మొదట కొత్తమ్మాయికి చెప్పాను. రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ శాలువా గురించి మాట్లాడాను. మూడోసారి నువ్వు గీసిన బొమ్మ తీసి ఆమె ముందు పెట్టి, కింది గడి మీద వేలు పెట్టి, "దీన్ని నేను పోగొట్టాను" అన్నాను. ఆమె కుర్చీ నాకేసి తిప్పుకుని మొత్తం వింది.

తర్వాత ఇద్దరం తూకాల గదికి వెళ్ళాం. ఆ మానిటర్ ఇంకా అక్కడే ఉంది. బల్ల తుడుస్తూ పట్టుకున్నప్పటి నా నూనె వేలిముద్ర అంచున ఉంటుందనుకున్నాను. లేదు. ఎవరో తుడిచారు. తూకాలాయన ఇవ్వనన్నాడు. ఆ అమ్మాయి "పది నిమిషాలు బాబాయ్, మీ తూకం ఎక్కడికీ పోదు" అంది. తెచ్చి నీ కంప్యూటర్‌కి తగిలించింది. వకీలుకి ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా నన్ను ఏదీ ముట్టుకోనివ్వలేదు. ఆయన వచ్చాక నీ పేరుతో తెరిచింది. నీ పాస్‌వర్డ్ ఆఫీసు పుస్తకంలో ఉందట.

మొదటి మానిటర్ మీద నువ్వు చెప్పినట్టే వచ్చింది. మధ్యలో కోడ్, ఎడమ పక్క జాబితా, కుడి పక్క విలువలు, కింద ఖాళీ. రెండో మానిటర్ వెలిగింది. మూలకి, కొంచెం వంకరగా, నీ కింది విండో ఉంది. నేను వదిలిన చోటే. లోపల రాత లేదు. కానీ ఊడిన విండో దానంతట అది లోపలికి పోదట, తెరిచే ఉంది.

ఆ అమ్మాయి మూలకి వంగి చూసింది. తర్వాత, "ఏడాదిగా ఇలాగే తెరిచి ఉంది తాతగారూ. చూసేవాళ్ళకి మానిటరే లేదు" అంది. వకీలు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఇప్పుడిది కథ కాదన్నాడు. కేసు మీ మీదకి రావచ్చని కూడా అన్నాడు నాతో. రానివ్వమన్నాను.

నా చేత్తో రాసిచ్చాను. ఐదో తరగతి రాత, నాలుగు పేజీలు అయింది. నువ్వు తడిసిందన్న ఉత్తరం మీద లోపలి అయ్యగారి ముద్రా తేదీ ఉంటాయి కదా, అది కూడా కావాలన్నాడు వకీలు. దాచి ఉంచు. ఉంచావని నాకు తెలుసు.

సూపర్వైజరు పిలిచి, "నోరు లేని మనిషివి, ఇప్పుడెందుకొచ్చింది నోరు?" అన్నాడు. మానిటర్ తియ్యమని చెప్పింది ఆయనే. ఆయన గొంతులో భయం వినిపించింది. నాకు చెవుడైనా వినిపించింది.

అట్టలు పేర్చే ఆయన ఇంటికి కూడా వెళ్ళాను. గుమ్మం బయటే నిలబడి చెప్పాను. ఎడమచేత్తో తలుపు పట్టుకుని విన్నాడు. "ఏడాదిపాటు నీ అల్లుణ్ణి తిట్టాను. ఇప్పుడు నిన్ను తిట్టాలంటే మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాలి" అన్నాడు. మొదలెట్టమన్నాను. తలుపు సగం మూసి, "ఇవాళ ఓపిక లేదు, పో" అన్నాడు. మళ్ళీ వెళ్తాను.

అప్పీలు వచ్చే సోమవారం. నన్ను నిలబెట్టి అడుగుతారట. నలుగురిలో నాకు మాట రాదు, నీకు తెలుసు. అందుకని రెండు ముక్కలు బట్టీ పట్టాను. "అతను చూడలేదు. అది అక్కడ లేదు, నేను తీశాను." రోజూ భోజనం వేళ ఆ అమ్మాయికి అప్పజెబుతున్నాను. ఇంకొంచెం గట్టిగా అంటుంది.

ఏం తేలుతుందో వకీలు కూడా చెప్పలేకపోతున్నాడు. ఒకవేళ నన్ను లోపల వేస్తే ఆ తాళాలాయన పక్కన వెయ్యమని చెప్పు. గురక నన్నేం చెయ్యదు.

నాకు కార్డు ఇచ్చారు, మొన్న. ఇప్పుడు తలుపు నేనే తీసుకోవచ్చు. ఇంకా అలవాటు కాక లోపల్నుంచి కొడుతూనే ఉన్నాను.

రెండో మానిటర్ ఇక్కడే ఉంచమన్నాడు వకీలు. ఆ విండోను ఎవరూ ముట్టుకోలేదు. నువ్వొచ్చి నీ చేత్తో కిందకి దించు. బల్ల మీద దుమ్ము పేరుకుంది, టీ మరకలు కూడా ఉన్నాయి. నేను తుడవలేదు.

మామయ్య